కొలత మనిషి

వరద తీసినాక తెరిచిన ట్రంకుపెట్టె ఇది.
మూతకు రెండు వేళ్ల కింద
తుంగభద్ర గీసిపోయిన బురదగీత.
గీతకు పైన థార్న్‌లీ దొర పేరు, ఇత్తడి అక్షరాల్లో.
గీతకు కింద ఒండ్రు.

కర్నూలు రికార్డు గదిలో నా పని
మెత్తటి కుంచెతో దులపడం,
పల్చటి కాగితాన్ని మైదాబంకతో అతికించడం,
ఒక్కోదానికి ఒక నంబరు వేయడం.
ఒకటి: ముల్లు తిరగని దిక్సూచి.
రెండు: సొట్టపోయిన తగరపు లోటా.
మూడు: ఎవరో పిల్లదాని రాగిరంగు వెంట్రుకలు, కవరులో.
కూతురివే అయ్యుంటాయి.
వాటిని కిటికీ దగ్గర విడిగా ఆరబెట్టినాను.
నాలుగు నుంచి నలభై దాకా నోటుపుస్తకాలు.

దొర గవులు చూడ్డానికొచ్చినాడు,
బేతంచెర్ల అవతల నాపరాయి నేలల్లోకి.
అది ధాత కరువు ఏడు.
కరువు గురించి ఆయన రాసింది ఒకే ముక్క:
కోళ్లు దొరకడం లేదు.

ఖర్చుల పద్దు మటుకు గుండ్రటి చేతిరాత.
ఆముదం, నాలుగణాలు.
గుడ్డపేలికలు, అణా.
దివిటీ మనిషి, రెండణాలు.
దివిటీ మనిషి, రెండణాలు.
దివిటీ మనిషి, అణాన్నర.
"పేరేమన్నా ఉందా మాబున్నీ?" అంటాడు కంబగిరి సారు.
ఆముదానికుంది సార్, అంటాను.

పటంలో ఒక కొండకు మాత్రం పేరుంది,
వంకర ఇంగ్లీషులో: ఏమోసామి.
వారం దినాలు నాకు అంతుబట్టలేదు.
ఒక మధ్యాన్నం సద్దిమూట విప్పుతా
మా జేజి గొంతు తెచ్చుకుని పైకి చదివినాను,
ఏమో సామీ!
నవ్వి నవ్వి పొలమారింది.
దొర వేలు చూపించి అడిగింటాడు,
ఆయప్ప చెప్పింటాడు, ఉన్నమాటే.
ఇప్పుడు ఆ కొండ కింది గనికి అదే పేరు.
నాపరాయి మోసే లారీల మీద అదే పేరు.
నిరుడు ఎవరో ఒక గుండుకు పసుపు పూసి
ఏమోసామికి టెంకాయలు కూడా మొదలుపెట్టినారు.

ఆ నవ్వుతోనే బొమ్మల కట్ట విప్పినాను.
విప్పకుంటే బాగుండేది.

పెన్సిలు బొమ్మలు, మూడు.
మొదటిదాంట్లో గవి. పైనుంచి దిగిన సున్నపు కొమ్ములు.
అడుగున దివిటీ ఎత్తిపట్టుకుని ఒక మనిషి.
మొహం గీయలేదు. గోచి గీసినాడు.
కింద రాసుంది: కొలత కోసం.
స్కేలు పెట్టి చూసినాను,
మనిషి అంగుళమున్నర, గవి తొమ్మిది.

రెండోది పదమూడు దినాల తర్వాత.
అదే గవి, అవే కొమ్ములు.
మనిషి ఒంగినాడు. దివిటీ భుజం దాటలేదు.

మూడోదాంట్లో కూచున్నాడు.
దివిటీ రాళ్ల సందులో గుచ్చి ఉంది.
పక్కన దొర సంబరంగా రాసుకున్నాడు,
ఈ గవి నేను మొదట అనుకున్నదానికన్నా
చాలా పెద్దది.

ఆ కాగితం అంచున ఒక బొటనవేలి ముద్ర.
ఆముదం ఇంకిన ముద్ర.
చుట్టూ అంతా నీళ్లకు పొరలుపొరలుగా లేచిపోయింది,
దొర సంతకం కూడా.
నూనె అంటినచోట మాత్రం తుంగభద్ర లోపలికి పోలేదు.
మసీ మరకా ఏదున్నా తుడవమని రూలు.
తుడవలేదు.

రిజిస్టర్లో గడులున్నాయి.
వస్తువు, పొడవు, వెడల్పు, ఇప్పటి స్థితి.
పొడవు దగ్గర నా పెన్ను నిలిచిపోయింది.
గవిని మనిషితో కొలిచినారు సరే,
మనిషిని ఎవరూ కొలవలేదు కదా,
మరి గవి ఎత్తు ఎట్ల తెలుస్తాది సార్?

కంబగిరి సారు కళ్లద్దాలు తీసి
చొక్కా కొసతో చానాసేపు తుడిచినాడు.
"ఏమో మాబున్నీ" అన్నాడు.

గిన్నెలో మైదాబంక గట్టిపడతా ఉంది.
రెండు చుక్కలు నీళ్లు పోసి
కుంచె తడిపినాను.